అంటించేది నకలు, దాచేది అసలు

మన ఇళ్లలో పూర్తయిన ఆల్బమ్‌లకంటే సగంలో ఆగిపోయిన ఆల్బమ్‌లే ఎక్కువ. నాన్నగారి షష్టిపూర్తికి ఇద్దామనో, అమ్మాయి పెళ్లినాటికి సిద్ధం చేద్దామనో ఉత్సాహంగా మొదలుపెడతాం. రంగు అట్టలు కొంటాం, ప్రింట్లు తీయిస్తాం. నాలుగైదు పేజీలు అయ్యాక ఆ సంచి బీరువా మీదికి ఎక్కుతుంది. అడిగితే తీరిక దొరకలేదంటారు. కానీ పక్కన కూర్చుని వివరంగా అడిగితే వేరే సంగతి బయటికొస్తుంది. మొదటి పేజీ బుడగలు తేలింది. రెండో పేజీలో అక్షరాలు అలుక్కుపోయాయి. ఇక మూడో పేజీ మీద చెయ్యి వేయడానికి భయం. ఆ భయం న్యాయమైనదే. తాతగారి ఉత్తరం ఉన్నది ఒక్కటే, పాడైతే మళ్లీ రాదు.

కాబట్టి జిగురు సీసా మూత తీయకముందే ఒక నిర్ణయం తీసుకోండి. ఆల్బమ్‌లో అంటించేదంతా నకలే. అసలు కాగితాన్ని జిగురు ముట్టకూడదు, పైన రక్షణకని వేసే వార్నిష్ పూత కూడా ముట్టకూడదు. ప్రతిదాన్నీ కనీసం 300 డీపీఐలో స్కాన్ చేయండి. పాస్‌పోర్టు సైజు ఫొటోలాంటి చిన్నవైతే 600లో చేయండి. రెండు వైపులా చేయండి, ఎందుకంటే ఫొటో వెనకాల స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో పెన్నుతో రాసిన పేర్లు ఉంటాయి. ఆ స్కాన్ నుంచి ప్రింటు తీసి, ప్రింటును అంటించండి. పాడైతే ఇంకో ప్రింటు. ఈ ఒక్క నిర్ణయంతో చేతికి ధైర్యం వస్తుంది. పోగొట్టుకునేది ఏమీ లేదని తెలిశాక వణకని చెయ్యి చేసే పని వేరుగా ఉంటుంది.

పాత శుభలేఖ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి, నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో తెలుస్తుంది. నాలుగు మూలలా పసుపు. అక్షరాల మీద వేలితో నిమిరితే సన్నటి గుంటలు తగులుతాయి. సీసపు అక్షరాలు కూర్చి ట్రెడిల్ మిషను మీద అచ్చు వేసినందువల్ల వచ్చిన నొక్కులవి. వెనక్కి తిప్పితే అవే నొక్కులు పైకి ఉబ్బి ఉంటాయి. దానికి వెనక జిగురు పూసి బరువు పెడితే ఆ నొక్కులు అణిగిపోతాయి. స్పిరిట్ కలిసిన వార్నిష్ కొడితే పసుపు కరిగి పక్కకి పాకుతుంది. సబ్బులాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఏ పూతా వేయకపోయినా, రోజూ వెలుతురు పడేచోట పెడితే వెలిసిపోతుంది. ఇలాంటి కాగితానికి తగిన చోటు ఆల్బమ్ చివరి అట్ట లోపలివైపు మడిచి చేసిన జేబు. పేజీ మీద నకలు కనిపిస్తుంది, చూడాలనిపించినప్పుడు అసలుది జేబులోంచి తీసి చేత్తో తాకి చూడొచ్చు.

షాపు బిల్లులు, ఏటీఎం చీటీలు కూడా కొందరు ఆల్బమ్‌లో పెడతారు. వాటిలో చాలావరకు వేడికి నల్లబడే పూత ఉన్న కాగితాలు. ఇంకు ఉండదు. బీరువాలో ఉన్నా తెల్లబడిపోతాయి. దొరికినరోజే స్కాన్ చేసుకోండి.

ప్రింటు ఏ మిషనుదో తెలుసుకోండి

ఇక్కడే ఎక్కువమంది పేజీలు పాడుచేసుకుంటారు. జిరాక్సు షాపులో తీసే ప్రింట్లు సాధారణంగా లేజర్‌వి. లేజర్ ప్రింటులో ఉండేది ఇంకు కాదు, టోనర్ అనే ప్లాస్టిక్ పొడి. వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది. నీళ్లకి చెదరదు. ఇళ్లలో వాడే ఇంకుట్యాంకు ప్రింటర్లు ఇంక్‌జెట్‌వి. వాటిలో రంగు ఇంకులు చాలావరకు డై రకం, అంటే నీళ్లలో కరిగే రంగు. తడి తగిలితే పాకుతుంది, ఎండకి వెలుస్తుంది. పిగ్మెంట్ రకం ఇంకయితే రంగు రేణువులుగా ఉంటుంది కాబట్టి తడికీ వెలుతురుకీ బాగా తట్టుకుంటుంది. కొన్ని ప్రింటర్లలో నలుపు మాత్రం పిగ్మెంటు, మిగతా రంగులు డై. అందుకే ఒకే పేజీలో అక్షరాలు చెక్కుచెదరకుండా ఉండి, పక్కనున్న ఫొటోలో ఎరుపు కారిపోతుంది.

పెట్టె మీద ఏం రాసుందో వెతకడంకంటే పరీక్ష చేయడం తేలిక. పనికిరాని ప్రింటు మూల మీద తడిపిన దూదిపుల్లతో మెల్లగా రుద్దండి. దూదికి రంగు అంటితే అది డై. అదే ప్రింటు ముక్కని సగం అట్టతో కప్పి కిటికీ దగ్గర రెండు వారాలు ఉంచితే వెలుతురుకి ఎంత తట్టుకుంటుందో కూడా బయటపడుతుంది. డై ప్రింటు తీసిన వెంటనే పని మొదలుపెట్టకండి. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తేమ ఉంటుంది. ఒక రోజు విడివిడిగా పరిచి ఉంచండి.

ముఖ్యమైన పేజీలకి, డబ్బు కాస్త ఎక్కువైనా, పిగ్మెంట్ ఇంకుతోనో లేజర్‌తోనో తీయించమని నా సలహా. ఎన్ని పూతలు వేసినా డై ఇంకు లోటు పూర్తిగా తీరదు.

పూత ముందా, జిగురు ముందా

డై ఇంకు ప్రింటయితే ముందు పూత, తర్వాత జిగురు. జిగురులో నీరు కాగితం వెనకనుంచి ఇంకి ముందుకి వస్తుంది, పూత లేని రంగు అక్కడ చెదురుతుంది. పూత కూడా బ్రష్షుతో వేయకూడదు. నీటి ఆధారపు ఆక్రిలిక్ వార్నిష్‌ని బ్రష్షుతో రాస్తే, కాపాడుదామని వేసిన పూతే రంగును ఈడ్చుకుపోతుంది. బొమ్మలు వేసేవాళ్లు వాడే స్ప్రే ఫిక్సేటివ్ గానీ, స్ప్రే ఆక్రిలిక్ వార్నిష్ గానీ తీసుకోండి. అడుగు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా అటు నుంచి ఇటు పలుచగా కొట్టండి. ఆరాక ఇంకోసారి. మూడు పలుచటి పూతలు ఒక మందపు పూతకంటే మేలు. ఇంక్‌జెట్ ప్రింటుకి మొదటి పలుచటి పూత ఆరిపోతే సగం గండం గడిచినట్టే.

లేజర్ ప్రింటయితే వరస తిప్పొచ్చు. ముందు అంటించి, పూర్తిగా ఆరాక అవసరమనుకుంటే పూత వేయండి. చాలా పేజీలకి అవసరమే ఉండదు.

స్ప్రే పని ఆరుబయట చేయాలి. ఆ ఆవిరికి మంట అంటుకుంటుంది, అందుకే వంటింటి పక్కన, దీపం దగ్గర పనికిరాదు. ముక్కుకి మాస్కు ఉండాలి. ముసురు పట్టిన రోజున అసలు మొదలుపెట్టకండి. గాల్లో తేమ ఎక్కువుంటే పూత ఆరేటప్పుడు పాలపొరలా తెల్లబడుతుంది. శ్రావణ భాద్రపదాల్లో ఈ పని పెట్టుకున్నవాళ్లు వార్నిష్ నకిలీదని దుకాణంవాడితో పోట్లాడతారు. తప్పు వాతావరణానిది. ఎండ కాసి, గాలి నిలిచిన పొద్దుటి పూట పెట్టుకోండి.

ఇప్పుడు మన ఎండలకి సంబంధించిన అసలు సమస్య. విదేశీ వీడియోల్లో చూపించినట్టు పేజీలన్నిటికీ రెండువైపులా మెరిసే ఆక్రిలిక్ పూత వేసి, ముచ్చటగా ఆరబెట్టి, పుస్తకం మూసేస్తారు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఆ పుస్తకం తెరిస్తే ఎదురెదురు పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. విడదీస్తే చర్రుమని శబ్దం వస్తుంది, ఒక పేజీ రంగు రెండో పేజీకి పోతుంది. ఆక్రిలిక్ పూత కూడా ఒక రకం ప్లాస్టిక్కే. వేడెక్కితే మెత్తబడుతుంది. మెత్తబడ్డ రెండు ముఖాలు బరువు కింద ఒత్తుకుంటే కలిసిపోతాయి. పూత చేతికి ఆరినట్టు తగలడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. మొదటిది గంటలో అవుతుంది, రెండోదానికి రోజులు పడుతుంది, మందంగా వేస్తే వారాలు.

దీనికి విరుగుడు నాలుగు రకాలుగా ఉంది. మెరిసే రకం బదులు మ్యాట్ రకం పూత ఎంచుకోవడం ఒకటి. దాని ముఖం కాస్త గరుకు కాబట్టి తక్కువగా అంటుకుంటుంది. పూత ఒక పేజీకి వేసి, దానికి ఎదురు పేజీని ఖాళీ అట్టగా వదలడం రెండోది. నాకు ఇష్టమైనది ఇదే, ఖాళీ పేజీలో నాలుగు మాటలు రాసుకోవచ్చు కూడా. పూర్తయిన పేజీలని కనీసం వారం రోజులు తెరిచే ఉంచడం మూడోది. నాలుగోది మన పెద్దవాళ్లకి తెలిసిందే. పాత పెళ్లి ఆల్బమ్‌లలో నల్లటి అట్టల మధ్య సాలెగూడు గీతలున్న పల్చటి కాగితం ఉండేది గుర్తుందా? తెరవగానే గరగరలాడేది. అలంకారం అనుకునేవాళ్లం. ఫొటో ముఖం మీద ఉండే జిలటిన్ తేమకి మెత్తబడి ఎదురు ఫొటోకి అంటుకోకుండా ఆపడమే దాని పని. ఇప్పుడు ఆ కాగితం దొరక్కపోతే బటర్ పేపరు పెట్టండి. పేజీకంటే అర సెంటీమీటరు చిన్నగా కోసి, కుట్టు వైపు మాత్రం సన్నటి గీతగా అంటించండి.

ఏ జిగురు

1873లో మార్క్ ట్వేన్ ఒక స్క్రాప్‌బుక్‌కి పేటెంటు తీసుకున్నాడు. పేజీల మీద ముందే గమ్ గీతలు పూసి ఉంటాయి, తడిచేసి కాగితాన్ని ఒత్తితే చాలు. జిగురు పాత్రా, మరకలూ అక్కర్లేదు. అంత పెద్ద రచయిత కూర్చుని దానికి ఉపాయం ఆలోచించాడంటే ఈ పనిలో జిగురు ఎంత విసిగిస్తుందో చూడండి.

మన దగ్గర ఎక్కువగా దొరికేది తెల్లటి ఫెవికాల్. రసాయనం పేరు పాలీవినైల్ అసిటేట్. అట్టకి అట్ట, అట్టకి గుడ్డ అంటించడానికి ఇది మంచిదే. ఆరాక పారదర్శకంగా ఉంటుంది, గట్టిగా పడుతుంది. కానీ దాన్లో నీళ్లుంటాయి, ఆరాక ఊడదీయడం కష్టం. 80 జీఎస్‌ఎం జిరాక్సు కాగితానికి అంతా పూస్తే ముడతలు రావడం దాదాపు ఖాయం. పల్చటి కాగితానికి గ్లూస్టిక్ మేలు, తడి తక్కువ. లేదా ఆల్బమ్‌లకని అమ్మే ఆమ్లరహితమైన రెండువైపుల టేపు. అందుకే ఆల్బమ్ ప్రింట్లు 120 జీఎస్‌ఎంకి తగ్గని కాగితం మీద తీయించమంటాను. కాగితం మందం పెరిగితే జిగురు చిక్కులు సగం తగ్గుతాయి.

బైండింగు దుకాణాల్లో మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన జిగురు వాడతారు. లెడ్జర్లకీ బడి పుస్తకాలకీ అది బాగానే పనిచేస్తుంది. ఇంట్లో ఆల్బమ్‌కి మాత్రం వద్దు. మైలుతుత్తం విషం, పిల్లలు తిరిగే ఇంట్లో కలపడం మంచిది కాదు. రాగి లవణాలు కాగితంలోని పీచుని పెళుసుబారుస్తాయి కూడా. మైలుతుత్తం లేకుండా వండితే రామబాణం పురుగులకి విందు.

సెల్లోటేపు, రబ్బరు సొల్యూషన్, ఫెవిక్విక్ ఈ మూడింటినీ బల్ల మీదికే రానివ్వకండి. మొదటి రెండూ కొన్నేళ్లకి గోధుమరంగు మరకలు వదిలి, తామే ఊడిపోతాయి. మూడోది కాగితంలోకి ఇంకి గట్టి చారగా మిగులుతుంది.

ఒక్క పేజీ అంటించడం

పద్ధతి ఒక్కసారి చేతికి వస్తే మిగతావన్నీ వస్తాయి. కాగితానికి నిలువు, అడ్డం ఉంటాయి. తయారయ్యేటప్పుడు పీచు ఒక దిక్కున పడుకుంటుంది. ప్రింటుని రెండు వైపులనుంచీ, మడత పడకుండా, మెల్లగా వంచి చూడండి. ఏ వైపు తేలిగ్గా వంగితే మడత గీత దిక్కున పీచు ఉన్నట్టు. తడి తగిలినప్పుడు కాగితం పీచుకి అడ్డంగా సాగుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. అట్ట పీచూ, ప్రింటు పీచూ ఒకే దిక్కున, అదీ పుస్తకం కుట్టుకి సమాంతరంగా ఉండేట్టు చూసుకుంటే పేజీ వంకర తిరగదు. బజారులో అమ్మే ఆల్బమ్‌లు కొన్ని ఎందుకు ఎప్పటికీ సరిగ్గా మూసుకోవో దీంతో అర్థమవుతుంది.

ఫెవికాల్ వాడేట్టయితే మూడు వంతుల జిగురుకి ఒక వంతు నీళ్లు కలపండి. ప్రింటుని బోర్లా, పాత న్యూస్‌పేపరు మీద కాదు, తెల్లకాగితం మీద పెట్టండి. న్యూస్‌పేపరు ఇంకు అంటుతుంది. చదునైన బ్రష్షుతో మధ్యనుంచి అంచులకి, అంచు దాటి కింది కాగితం మీదిదాకా లాగండి. అంచులనుంచి మధ్యకి లాగితే జిగురు అంచు కిందికి దూరి ముందువైపు మరక చేస్తుంది. పూశాక ఒక నిమిషం ఆగండి. ఆ నిమిషంలో కాగితం సాగాల్సినంత సాగుతుంది. వెంటనే అంటిస్తే అది అట్ట మీదే సాగుతుంది, ఆ సాగినదే బుడగ. చాలామంది బుడగని గాలి అనుకుని సూదితో పొడుస్తారు. లోపల గాలి ఉండదు, సాగిన కాగితం ఉంటుంది.

ఇక ప్రింటుని ఒక అంచున ఆనించి, మెల్లగా పడుకోబెట్టండి. పైన శుభ్రమైన కాగితం పరిచి, దాని మీదుగా చెంచా వెనకవైపుతో మధ్యనుంచి బయటికి నిమరండి. ప్రింటుని నేరుగా రుద్దితే మెరుపు గీతలు పడతాయి. పైనా కిందా బటర్ పేపరు పెట్టి, రెండు చదును పలకల మధ్య ఉంచి, ఇటుకనో పెద్ద డిక్షనరీనో బరువు పెట్టండి. అరగంటకే పట్టినట్టు అనిపిస్తుంది. తీయకండి. మర్నాటిదాకా ఉంచండి. పేజీకి ఒకవైపే అంటిస్తే ఆరేటప్పుడు కాగితం కుంచించుకుని అట్టని తనవైపు లాగుతుంది. రెండో వైపున కూడా అంతే మందం కాగితం అంటిస్తే రెండు లాగుళ్లూ సరిపోతాయి.

పుస్తకం లావు సంగతి కూడా ముందే లెక్కకట్టుకోండి. 80 జీఎస్‌ఎం కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. 25 ఆకుల పుస్తకంలో రెండువైపులా ఒక్కో ప్రింటు అంటిస్తే 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఫొటోపేపరయితే సెంటీమీటరు దాటుతుంది. ఇదంతా బయటి అంచు వైపే, కుట్టు వైపు పెరగదు. అందుకే పుస్తకం నోరు తెరుచుకుని కూర్చుంటుంది. కుట్టేటప్పుడే ప్రతి రెండు ఆకుల మధ్యా 2.5 సెంటీమీటర్ల వెడల్పు అట్ట పట్టీ ఒకటి చేర్చండి. బైండరుకి చెబితే చేసిపెడతాడు.

లామినేషన్ మోజు

అన్నిటికీ లామినేషన్ చేయిస్తే పోదా అని అడుగుతారు. నకలుకి అయితే మీ ఇష్టం. అసలు కాగితానికి మాత్రం చేయించకండి. అమెరికాలో విలియం బారో 1930లలో పాత పత్రాలని సెల్యులోజ్ అసిటేట్ పొరల మధ్య పెట్టి వేడితో ఒత్తే పద్ధతి తెచ్చాడు. ఎన్నో గ్రంథాలయాలు, ఆర్కైవులు దాన్ని నమ్మి వాడాయి. తర్వాతి తరం పరిరక్షకులకి ఆ పొరలు ఊడదీయడమే ఒక పెద్ద పనైంది. మంచి ఉద్దేశంతో, తెలివైనవాళ్లు చేసిన పని అది. పత్రానికి ఏం చేసినా వెనక్కి తీసుకోగలిగేట్టు చేయాలని ఇవాళ పరిరక్షకులు పట్టుబట్టడం వెనక ఇలాంటి అనుభవాలున్నాయి.

ప్లాస్టిక్ కవర్ల సంగతీ అంతే. పాత ఫైలులో పెట్టిన జిరాక్సు తీయబోతే అక్షరాలు కవరుకి అంటుకుపోవడం మీరు చూసే ఉంటారు. ఆ కవరులోని పీవీసీ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం టోనర్‌ని కరిగిస్తుంది. పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్న కవర్లే కొనండి. ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చేవి వద్దు.

పూర్తయిన ఆల్బమ్‌ని బయటి గోడకి ఆనుకున్న అలమారాలో, అటక మీద పెట్టకండి. గాల్లో తేమ 65 శాతం దాటితే బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఏడాదిలో చాలా నెలలు అది మామూలే. నేలకి ఎత్తుగా, గాలి ఆడే గదిలో, పడుకోబెట్టి ఉంచండి. సిలికాజెల్ పొట్లాలు పక్కన పెట్టి అప్పుడప్పుడు మార్చండి. నెలకోసారి తీసి పేజీలు తిప్పితే చాలు, పురుగుకీ బూజుకీ తీరిక దొరకదు. అమెరికాలోనో కెనడాలోనో ఉన్నవాళ్లకి ఇబ్బంది ఇంకోలా వస్తుంది. చలికాలం హీటరు గాలికి గది మరీ పొడిబారి పేజీలు చుట్టుకుంటాయి. హీటరు ఊదే చోటికి దూరంగా పెట్టుకోవాలి.

చివరిగా ఒక పని చేయండి. వెనక అట్ట లోపలివైపు, పెన్సిలుతో, ఏ ప్రింటరులో తీశారో, ఏ కాగితమో, ఏ జిగురో, ఏ పూతో, ఏ సంవత్సరమో రాయండి. స్కాన్‌లు ఎక్కడ దాచారో కూడా రాయండి. ఇరవై ఏళ్ల తర్వాత ఒక పేజీ ఊడితే, దాన్ని బాగుచేయడానికి కూర్చునే మీ అమ్మాయికో మనవడికో ముందుగా కావాల్సింది ఆ వివరాలే.